నాలుగు గ్రాములు

మా డెల్టాలో తొలిచూలు బిడ్డను రెండు అని పిలుస్తారు.
ఒకటి ఎవరికీ దక్కదు.
అలా మా అక్క హై, అంటే రెండు.
అన్న బా, మూడు.
నేను తూ, నాలుగు.

లీటరు నీళ్ళలో ఉప్పు నాలుగు గ్రాములు దాటితే
వరి వెన్ను తాలుపోతుంది.
ఆ గీత కాపలాయే నా ఉద్యోగం.
బాక్ లియూ దాటాక మూడో కాలవ మీద లాకు,
రెండు ఇనప తలుపులు, ఒక తిప్పుడు చక్రం,
గ్రీజు డబ్బా, మేకుకి వేలాడే ఫోను చార్జరు.

లాకుకి ఇవతల అక్క వరి.
అవతల అన్న రొయ్యలు.
"దించు" అని ఒక ఫోను.
"ఎత్తు" అని ఒక ఫోను.
పదకొండేళ్ళు
వాళ్ళిద్దరూ నాతోనే మాట్లాడారు.

నాన్న కాలంలో ఉప్పు మర్యాద తెలిసిన చుట్టం.
టెట్ పండగ వెళ్ళాక
వాకిట్లో నిలబడి, పిలిస్తే వచ్చేది.
ఇప్పుడు నవంబరులోనే దిగుతోంది
కాళ్ళైనా కడుక్కోకుండా.
ఎగువన ఎన్ని దేశాలో, ఎన్ని ఆనకట్టలో,
మా దాకా వచ్చేసరికి నదికి
సముద్రాన్ని తోసే ఓపిక ఉండటం లేదు.

ఆ కరువేడు అక్క కోతకి పద్దెనిమిది రోజులుంది.
రాత్రి పదకొండింటికి ఆమె బోదెలో మీటరు ముంచాను.
ఆరు పాయింటు రెండు.
తలుపులు దించే ఉన్నాయి, ఒట్టు.
ఉప్పు కిందినుంచి వచ్చింది,
పీతల బొరియల్లోంచి, పాముకోళ్ళ దారుల్లోంచి.
తెల్లారి వరి నిటారుగానే నిలబడి ఉంది.
కంకి నలిపితే అరచేతిలో గాలి.
మిల్లు ఏజెంటు గట్టు మీదినుంచే చూసి
పెన్ను జేబులో పెట్టుకున్నాడు.
బాతుల్ని తోలితే
అవి కూడా ముక్కు పెట్టి వదిలేశాయి.

తరవాత వ్యవసాయ శాఖనుంచి దియెప్ అనే అమ్మాయి వచ్చింది.
ఉప్పుకి ఓర్చే వంగడం, తొంభై రోజుల పంట.
కాలవలో ఒక తెల్ల గొట్టం పాతి
దాని లెక్క ఫోనుకి వస్తుందంది.
అక్క దోసిలితో తీసి, నాలుక మీద తిప్పి, ఉమ్మి,
"ఐదు" అంది.
ఫోను చూస్తే నాలుగు పాయింటు తొమ్మిది.
దియెప్ నవ్వలేదు. రాసుకుంది.

పోయినేడు అక్క దుక్కి ట్రాక్టరు అమ్మేసి
పొలం చుట్టూ కందకం తవ్వించింది.
వానల్లో వరి. వానలు వెనక్కి తగ్గాక
ఆ దుబ్బుల మధ్యే రొయ్య.
చిన్నప్పటినుంచీ రొయ్య తింటే ఆమె పెదాలు వాస్తాయి.
అదే అడిగాను.
"పెంచడానికి పెదాలెందుకురా?" అంది.

మొదటి ఏడు అన్నే తన చెరువులోంచి గొట్టం వేసి నీళ్ళిచ్చాడు.
పిల్లల సంచీ మోసుకొచ్చి
ముడి విప్పకుండా నీళ్ళమీద వదిలాడు.
లోపలి వేడీ బయటి వేడీ ఒకటి కావాలిట,
లేకపోతే పిల్ల తట్టుకోదుట.
ఇద్దరూ గట్టు మీద కూచున్నారు
తేలుతున్న సంచీకేసి చూస్తూ.
ఇరవై నిమిషాలు.
ఏమీ మాట్లాడుకోలేదు.
ముడి మాత్రం అక్క విప్పింది.

రాత్రిళ్ళు టార్చి కొడితే
వరి దుబ్బుల్లో ఎర్రగా కళ్ళు.
నిప్పంటుకుందేమో అని
మొదట్లో ఉలిక్కిపడేదిట.

నిన్న రాత్రి రెండింటికి ఫోను.
అక్క నంబరు.
అలవాటుగా చెయ్యి దించే వైపుకే వెళ్ళింది.
"ఎత్తు" అంది.
వినపడలేదన్నాను.
"కోత అయిపోయింది. నాకు ఉప్పు కావాలి, ఎత్తరా."

చక్రం ఒక చుట్టు తిప్పాను.
తలుపు కింద నీళ్ళు బుసకొట్టాయి.
రెండో చుట్టుకి ఫోను మళ్ళీ మోగింది.
ఈసారి ల్వా వదిన, అక్క పొలానికి దిగువ గట్టు.
ఆమె వరికి ఇంకా తొమ్మిది రోజులుంది.