పాయింట్ బుక్కు

ఊర్ల పదిహేడు చోట్ల గోడలకు
నూలుదారంతోని కట్టిన పుస్తకాలున్నయి.
బ్యాంకు షట్టర్ పక్కన ఒకటి,
బంగారం దుకాణాల సందుల మూడు,
వైన్స్ ముంగట ఒకటి,
ఖిల్లా దారిల దీపం మాడిపోయిన స్తంభం కాడ ఒకటి.
రాత్రి పన్నెండు నుంచి నాలుగు దాకా
తిరిగి తిరిగి సంతకం పెట్టాలె:
హోంగార్డు ఈదయ్య, ఒంటి గంట పది, అంతా మంచిగున్నది.
ఆరేండ్ల సంది రాస్తున్న.
ఒక్కోసారి చలికి వేళ్లు కొంకర్లు పోయి
'అంతా మంచిగ' దాకనే రాసి వదిలేస్త.

డిసెంబర్ ఆఖర్ల టెంటు ఏసి
సారు లెక్క సదివిండు.
దొంగతనాలు పోయినేడు నలభై ఒకటి, ఈయేడు ఇరవై తొమ్మిది.
గొలుసులు తెంపుడు పదకొండు ఉంటే నాలుగు.
విలేకర్లు రాసుకున్నరు. సమోసాలు పంచింది నేనే.
దేవరకొండ భద్రంగ ఉన్నదట.

అబద్ధమనను. లెక్క లెక్కనే.
కాని రాత్రంత నడిచేటోనికి
లెక్కకు అందనివి కొన్ని కాళ్లకు తగులుతయి.

గొలుసులు తక్కువ తెగినయా,
సంతకు పోయే ఆడోళ్ల మెడలు సూడుండ్రి:
పసుపుతాడు, నల్లపూసలు, రెండొందల రోల్డుగోల్డు.
ఉన్న తులం బ్యాంకుల కుదవబెట్టి మిత్తి కడుతున్నరు.
దొంగ కంటే ముందే ఎవడో తీస్కపోయిండు.
బండ్లు పోతలేవా,
రాత్రి పదైతే బండి కడప దాటి లోపలికొస్తది,
పిల్లల చాప పక్కన
పెట్రోలు వాసనతోని పండుకుంటది.

బస్టాండు కాడ ఇడ్లీబండి సాలమ్మ
రెండు సిలిండర్లు పోయినయని పొద్దుగాల్నే ఒచ్చింది.
'తెల్లకాయితం మీద రాసిచ్చిపో' అన్నడు రైటర్.
ఆమెకు రాయరాదు. నేనే రాసిచ్చిన.
మధ్యాహ్నం అదే కాయితం మీద
రైటర్ మిర్చిబజ్జీల నూనె అద్దిండు.
ఇరవై తొమ్మిదిల సాలమ్మ లేదు.
చెప్తే నవ్వింది:
'గీ ఊర్ల నా సిలిండర్లు పోనే పోలేదంట బిడ్డా,
మరి కట్టెల పొగల నా కండ్లెందుకు కారుతున్నయో.'

ఇంకొకటి ఉన్నది, చెప్పొద్దనుకున్న.
డిసెంబర్ ఇరవై ఆరు రాత్రి
నా ఎక్సెల్ బండి పోయింది.
ఠాణా గేటు ముంగట!
రెండు కిస్తులు ఇంకా బాకీ.
సారు నా దిక్కు సూసిండు, క్యాలెండర్ దిక్కు సూసిండు.
'నాలుగు రోజులు ఆగు ఈదయ్యా.'
ఆగిన.
జనవరి ఒచ్చింది. నేనే అడగలే.
ఆ లెక్కల ఒకటి తగ్గించినోళ్లల్ల నేను గూడ ఒకణ్ణి.

గప్పటి సంది కాళ్లమీదనే తిరుగుతున్న.
కుక్కలు నన్ను ఎరిగినయి, మొరుగుతలేవు.
విజిల్ ఊదితే
ఎక్కడో లోపట గొళ్లెం పడ్డ చప్పుడు.
ఊదేది నేను గనుక నాకు ధైర్యం,
వినేటోళ్లకు ఆ అడుగులు ఎవలయో ఎట్ల తెలుస్తది?

రెండింటికి పట్నం బస్సు దిగి
ఒక నర్సు దారి నడిమిట్ల నడుస్తది,
తాళంచెవి వేళ్ల సందున బిగబట్టుకొని.
తోడుగ ఉందామని పది గజాలు ఎనుక నడిస్తే
ఉరికినంత పని చేసింది.
ఇప్పుడు నేనే ముందు నడుస్త,
నా వీపు ఆమెకు కనబడేటట్టు.

మొన్న దర్గా ఎనుక సందుల
కిటికీల నుంచి ఒక పిల్ల గొంతు:
'ఎవలది?'
'నేనే.'
'నేనే అంటే?'
పేరు చెప్పాల్నా, డ్యూటీ చెప్పాల్నా,
బండి పోగొట్టుకున్నోణ్ణని చెప్పాల్నా.
'పండుకో బిడ్డా' అన్న.
నేను సందు దాటేదాక
కిటికీ కాడ నీడ కదల్లే.
ఆ సందుల పాయింట్ బుక్కు లేదు.

తర్వాతి గోడ కాడ టైం ఏసిన,
పేరు రాసిన,
'అంతా' అని రాసిన.
ఆ రాత్రి చలి అంతగనం లేకుండె.