ఎఫ్ అంటే

స్క్రిప్టు మూడో వరుసల
పాస్‌వర్డు అందరికీ కనవడేటట్టు ఉంది,
దండెం మీద ఆరేసిన లుంగీ లెక్క.

వెంకులు సార్ రాసిండు, ఆరేండ్ల కింద.
మంచోడే. తొందరల ఉండె.
పదకొండు ఊర్ల నీళ్ల మిషన్లకు
ఆ రాత్రికే కొత్త ప్యాకేజీ పోవాలె.
తెల్లారి బదిలీ మీద పోయిండు,
తాళంచెవి తలుపుకే ఉంచి.

ఆ వరుస కొట్టేస్తే అయిపాయె అనుకున్న.
కొట్టేసి, గడియారం సెంటర్ల నిలబడి చాయ్ తాగుతున్న.
సగం గ్లాసు కాడ గుర్తొచ్చింది:
పాత కాపీలు చండూరుల ఉన్నయి, నాంపల్లిల ఉన్నయి,
ఎవని పెన్‌డ్రైవ్‌ల ఉన్నయో ఎవరికెరుక.
చూసిన కండ్లను
చూడలేదని ఒప్పియ్యలేం గద.

చాయ్ ఒలకవోసి వాపసొచ్చిన.
రద్దు పత్రం తయారు చేసిన:
ఇగ ఈ సంతకాన్ని నమ్మకుండ్రి.
దాని మీద సుత
ఆ చెవే సంతకం పెట్టాలె.
తన చావుకు తానే సాక్షి.
జర సేపు ఎంటర్ మీద వేలు ఆడలే.

కొత్త పెద్ద చెవి
నెట్ తెలియని పాత ల్యాప్‌టాప్‌ల పుట్టింది.
ఇనుప బీరువాల, నీళ్ల రిపోర్టుల కింద పండింది.
స్క్రిప్టుకు చిన్న చెవి ఒక్కటే ఇచ్చిన,
ఏడాదికి దానంతటదే సచ్చేది.
పాస్‌వర్డు యాడా రాయలే.
అడుగుతది, కొడుత, తెర మీద చుక్క సుత పడది.
నడుమ ఆపేసినా పోతపోత
తన జాగ తుడుసుకొని పొమ్మని ట్రాప్ పెట్టిన.
కరెంటు పోతే ట్రాప్ పలకది,
అందుకే ఆ జాగ ర్యామ్‌ల.

ఇగ మిగిలింది వేలిముద్ర.
నలభై అక్షరాలు, ఫోన్ల చదివి కలుపుకోవాలె.
మర్రిగూడ ప్లాంటుల ముత్తిలింగం ఎత్తిండు.
అతనికి మోకాళ్లు వంగవు, కుర్చీ మీద దిండేసుకొని కూసుంటడు.

'ఏ అంటే ఏతం.'
'ఉంది.'
'డి అంటే డిండి. బి అంటే బత్తాయి.'
'ఉన్నయి.'
'సి, సీతాఫలం. ఈ అంటే ఈతకల్లు.'
నవ్విండు. 'ఎఫ్...'
నేను అననేలేదు.
'ఎఫ్ నాకు చెప్పాల్నా మేడం?' అన్నడు.

ముప్పై ఒకటో అక్షరం కాడ ఆగిండు.
'మీరు ఒకటంటున్రు. ఈడ ఏడుంది.'
కాయితం దీపం కాడికి పట్టిన.
నా చేతిరాతే. ఏడుకు టోపీ సరిగ పెట్టలే.
'ఏడే అన్నా, నా తప్పే, ముందుకు పోదాం.'

ముత్తిలింగం పోనియ్యలే.
ఫోన్ల మోటరు మోత ఇనవడ్డది, జరసేపు.
'మా బోరు నీళ్లు సుత
తేటగనే ఉండె మేడం.
మొదటి సంది చదువుండ్రి.'

కుర్చీ దగ్గరికి జరుపుకున్న.
ఏ అంటే ఏతం.