బ్రేకు మీద కాలు లేదని

చీలమండలో మూడు స్క్రూలు బిగించి
ఇక ఇది వంగదు అన్నాడు కార్డిఫ్‌లో డాక్టరు.
గేర్లు మార్చక్కర్లేని బండి కొనుక్కోమన్నాడు, మెత్తగా,
ముసలి కుక్కకి సూది వేసే ముందు మాట్లాడినట్టు.

నాది తొంభై ఒకటి నాటి ఎర్ర మాజ్డా.
రెండే సీట్లు. వానొస్తే ఎడమ తలుపు దగ్గర కారుతుంది.
మీట నొక్కితే హెడ్‌లైట్లు నిద్రలేచినట్టు పైకి లేస్తాయి,
ఒకటి ముందు, ఇంకోటి కాస్త బద్ధకంగా.
కొండ మలుపుల్లో ఇప్పటికీ నడుపుతాను.
కాలు ఎత్తుతూ దించుతూ ఉన్నంతసేపూ నొప్పి తెలీదు.
కదపకుండా ఉంచాల్సి వచ్చినప్పుడే,
న్యూపోర్ట్ దాటేదాకా ఆ మోటార్‌వే మీద,
యాభై దాటితే జరిమానా రాసే కెమెరాల కింద,
మైళ్లకి మైళ్లు ఒకే కోణంలో పాదం,
ఎముకని ఎవరో తీరిగ్గా రంపంతో కోస్తున్నట్టు.

క్రూయిజ్ కంట్రోల్ పెట్టిస్తే? అన్నాను పబ్బులో.
"పందెపు గుర్రానికి ఊయల కడతావా, ఎలీనెద్?"
గెరాల్ట్ అన్నాడు, బల్లంతా నవ్వింది.
యెస్టిన్ నవ్వలేదు.
ముప్పై ఏళ్లు రైల్వే సిగ్నళ్లు చూసినవాడు,
గ్లాసు కింది అట్ట తిరగేసి బొమ్మ గీయడం మొదలెట్టాడు.

తుక్కు దుకాణంలో పాత వోల్వో నుంచి
ఒక రబ్బరు డబ్బా ఊడదీశాం.
ఇంజిన్ దాని ఊపిరి పీల్చేస్తే అది ముడుచుకుని
థ్రాటిల్ తీగని లాగుతుంది.
మధ్యలో పూసల గొలుసు, స్నానాల తొట్టి బిరడాకి ఉండేలాంటిది.
అడుగున తిరిగే ఇరుసుకి రెండు అయస్కాంతాలు;
ఆ చుట్ల లెక్కే దానికి తెలిసిన వేగం.
క్లచ్ దగ్గర ఒక స్విచ్.
"ఇది మరిచామా, గేరు మార్చినప్పుడల్లా
ఇంజిన్‌కి పూనకం వస్తుంది."

అన్నీ పెట్టాడు. పట్టలేదు.
బటన్ నొక్కితే పచ్చ దీపం వెలుగుతుంది,
డబ్బా కిమ్మనదు.
మూడు శనివారాలు.
తీగలన్నీ విప్పి కట్టాడు, అయస్కాంతాలు జరిపాడు,
చిల్లి ఉందేమోనని డబ్బా గొట్టాన్ని నోటితో పీల్చి
పెదాల చుట్టూ నల్లటి వలయంతో టీ తాగాడు.
గరాజు రేకుల మీద వాన.
నువ్వు అడక్కపోయినా బాగుండేది అని అతనూ
నువ్వు ఒప్పుకోకపోయినా బాగుండేది అని నేనూ
అనలేదు.

నాలుగో శనివారం వచ్చినవాడు బానెట్ ఎత్తనేలేదు.
వెనక్కి వెళ్లి దీపాల ముందు గొంతుక్కూర్చున్నాడు.
"ఇవెప్పుడు మార్చావు?"
పోయిన చలికాలం. ఎల్‌ఈడీలు. పొగమంచులో బాగా కనపడతాయని.

చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు:
ఆ పెట్టె పాతకాలపుది.
నీ కాలు బ్రేకు మీద లేదని నమ్మడానికి
వెనక దీపం దాకా చిటికెడు కరెంటు పంపి
బల్బులోని వెంట్రుకంత తీగ గుండా
నేలని తాకి చూసుకుంటుంది.
నీ కొత్త దీపాల్లో ఆ తీగ లేదు.
ఎవరో తొక్కుతూనే ఉన్నారని దాని అనుమానం.
చెడిపోలేదు. జంకుతోంది, అంతే.

రెండు పాత బల్బులు. పౌండున్నర.

ఆదివారం పొద్దున్నే, యాభై దగ్గర, బటన్ నొక్కి
కాలు తీశాను.
తీసిన కాలు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.
పరాయి ఇంట్లో చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు.
వంతెన ఎక్కుతుంటే
ఎవరూ తొక్కని పెడల్ వేలెడు కిందికి దిగింది.
దిగుతుంటే పైకి లేచింది.

పక్క సీట్లో యెస్టిన్, ఒళ్లో మల్టీమీటర్,
కళ్లు ముల్లు మీదే.
"కొంచెం తూగుతోంది. గొలుసు ఒక పూస బిగించాలి."
ఇవాళొద్దు అన్నాను.

నలభై తొమ్మిది. యాభై. యాభై ఒకటి. యాభై.
కెమెరాలు ఒక్కొక్కటే వచ్చి పోయాయి.
పాదం రబ్బరు చాప మీద
పక్కకి ఒరిగి పడుకుంది.