మూడు గడులు

గ్రాంటు ఆగి ఇరవై ఆరు నెలలు.
టొలీడోలో, మూతపడ్డ టైర్ల కొట్టు పక్కన,
తలుపు మీది ప్రాజెక్టు పేరు గీకేశారు.
గీకిన మేర అద్దం మసకబారి ఉంది.

నా చేతిలో సర్వే ఫారం:
కొనసాగుతోంది. ఆగిపోయింది. తెలియదు.

"జీతం ఆగింది. అది రాసుకో," అంది వర్నెల్ ప్రూయిట్
కోటు గుండీలు పెట్టుకుంటూ.
అంతలో ఫోను.
జైలు గేటు బయట ఎవరో కుర్రాడు,
కాగితం సంచిలో బట్టలు, ఆఖరి బస్సు వెళ్ళిపోయింది, మంచు.
"అక్కణ్ణుంచి కదలకు. వస్తున్నా."

సిబ్బంది ఎందరని అడిగాను, ఆమె వెనకే మెట్లు దిగుతూ.
వెనక్కి తిరిగి చూసింది, అంతే.
వాహనాలు?
అదిగో, ఆ పాత బ్యూక్.
కుడి తలుపు లోపల్నుంచి తీస్తేనే వస్తుంది.
నిధులు?
"గురువారాలు మా చెల్లెలు పెట్రోలు పోయిస్తుంది."

రాత్రి మోటెల్లో
పెన్ను మూత తీశాను, పెట్టాను, మళ్ళీ తీశాను.
బడ్జెట్ లేనిది ప్రాజెక్టు కాదని మా రూలు.
రెండో గడిలో టిక్కు.

పక్కన అంచు మీద, ఎందుకో,
సన్నగా రాశాను:
కుడి తలుపు లోపల్నుంచి తియ్యాలి.

వాషింగ్టన్లో అంకెలు ఎక్కించే అమ్మాయి
దాన్ని వదిలేస్తుంది.
వదిలేయాలి కూడా.