మొదటి ట్రిప్పు

ముప్ఫై ఒక్క ఏళ్ళు నేనే కండక్టర్ని.
ఇప్పుడు రూతు టీచరు చెయ్యెత్తితే ఆగుతాను,
చెయ్యి దించితే కదులుతాను.

ఇల్లీసుపురంలో ఆవిడ మేడ మీద
మంగళవారం, శుక్రవారం, ఇరవై ముగ్గురం.
మందుల షాపు లింగమూర్తిగారిది పైగొంతు.
నర్సు హైమావతి, వాళ్ళత్తగారు, నడిమి గొంతులు;
ఇంట్లో మాటల్లేవు, పాటలో పక్కపక్కనే.
నాది అడుగు గొంతు.
"మీరు ఒక్క స్వరం పట్టుకుని నిలబడండి చాలు" అంది టీచరు.
నిలబడటం నాకు కొత్తా?
కిటకిటలాడే బస్సులో
రెండు చేతులా టిక్కెట్లు, చిల్లర,
దేన్నీ పట్టుకోకుండా నిలబడ్డవాణ్ణి.

చైత్రం. హైస్కూలు ఆవరణలో
వేపపూత రాలుతోంది
కుర్చీల మీద, హార్మోనియం మెట్ల మీద,
లింగమూర్తిగారి బట్టతల మీద.
వందేళ్ళకొక పాట చొప్పున
వెయ్యేళ్ళూ గంటన్నరలో తిరిగి రావాలి.
ఎక్స్‌ప్రెస్సే మరి, అన్ని చోట్లా ఆగదు.

తుమ్మెద పదంతో బయల్దేరాం.
కాస్త దూరం పోయాక ఒక సంకీర్తన ఎక్కింది,
సరిపడా చిల్లర తెచ్చుకున్న మనిషిలా నిబ్బరంగా.
తర్వాత బోయీల పాట.
ఓహొం, ఓహొం, భుజం మార్చుకునే చోట చిన్న విరుపు.
పల్లకీలో కూచున్నవాడి పేరు
పాటలో ఎక్కడా లేదు.
తర్వాత నాలుగు గొంతుల ప్రార్థన గీతం,
ఓడ దిగి వచ్చి, తెలుగు నేర్చి,
"ళ" ఒక్కటీ పలకడం రాక
ఈ ఊళ్ళోనే ముసలిదైపోయిన పాట.
అక్కడ టీచరు చేతులు ఆడుతూనే ఉన్నాయి
కళ్ళు మాత్రం మూసుకుంది.

అచ్చేసిన కాగితంలో
ఏడో పాట ఎదురుగా రెండు గీతలు.
ఎవరు రాశారు, గీత.
ఎప్పటిది, గీత.
అది నేనిచ్చిన పాట.

కళింగపట్నంలో నాలుగున్నర బస్సు.
కొర్ని, గార, అంపోలు.
టాపు మీద చేపల గంపలు,
అద్దాల మీంచి కారే ఉప్పునీళ్ళు.
వెనక సీట్లో ఒకామె, గార దాటగానే ఎత్తుకునేది.
సన్నటి గొంతు. వల లాగుతున్నట్టు పాడేది,
కొంచెం కొంచెం, బరువు తెలుస్తూ.
బస్సంతా కునుకుతూనే వినేది.
టిక్కెట్లు కొట్టడం ఆపి నేనూ.

ఒకరోజు డబ్బులు తక్కువయ్యాయి.
"పాట పాడతాను బావూ,
ఆ పాటకే టిక్కట్టు కొట్టీ" అంది.
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.
పాడింది. ఒక చరణం, రెండు, మూడు.
అంపోలు దగ్గర చెకింగు ఉందని
ఎదురొచ్చిన బస్సు లైటు కొట్టి చెప్పింది.
నాలుగోది ఎత్తుకునేలోగా
తాడు లాగాను. ఒకటే గంట.
చీకట్లో దిగింది. గంప అందించింది కూడా నేనే.

మర్నాడు ఎక్కింది.
సరిగ్గా లెక్కపెట్టి డబ్బులిచ్చింది.
పాడలేదు.
ఆ తర్వాత ఎప్పుడూ.

"ఇది ఏ కాలం పాట?" అని టీచరు అడిగినప్పుడు
"మొదటి ట్రిప్పు" అన్నాను.
"ఎవరిది?"
పేరు తెలీదు. స్టేజీ తెలుసు.

ఇవాళ ఇరవై రెండు గొంతులు
ఆమె పాట పాడుతుంటే
కింద నేను నా ఒక్క స్వరం పట్టుకుని.
మధ్యలో గొంతు జీరపోతే
హైమావతి అత్తగారు ఇటు చూడకుండానే
నా స్వరం కాసేపు మోసి
మళ్ళీ నాకిచ్చేసింది.

మూడు చరణాలయ్యాయి.
నాలుగోది ఎవరికీ రాదు.
ఆ చోట టీచరు చెయ్యి
గాల్లో అలాగే ఉంచేసింది. అందరూ ఆగారు.
జనం చప్పట్లు కొట్టాలో వద్దో తెలీక
కుర్చీల్లో అటూ ఇటూ కదిలారు.
వేపపూత రాలుతూనే ఉంది.
నా స్వరం ఒక్కటే మిగిలింది,
ఎవరో పరిగెత్తుకొస్తున్నారని
తలుపు తీసి పట్టుకున్నట్టు.

టీచరు నావైపు చూసింది, ఇక చాలన్నట్టు.
రైట్ అనాలి.
నేననలేదు.