మద్దెల ఓడు

బాలరాట్‌లో జులై చలి
గరాజు తలుపు సందులోంచి పిలవకుండా వచ్చే చుట్టం.
ఈ గరాజులో కారు ఒక్క రాత్రి కూడా పడుకోలేదు.
పదకొండేళ్లుగా ఇక్కడ కాపురం చేస్తున్నవి వేరు.

ముందు ఈ స్పానర్ సంగతి చెప్పాలి.
ప్రతి నట్టుకూ సరిపోతుందని డబ్బా మీద రాసుంది.
డబ్బా ఇంకా ఉంది, అక్షరం చెక్కు చెదరలేదు.
నట్టును చూస్తే చాలు, ప్రేమగా కావిలించుకుంటుంది,
మూలలన్నీ అరగదీసి గుండ్రాయిని చేసి వదిలేస్తుంది.
అందరివాడు ఏ ఇంటికీ అక్కరకు రాడని
మా మేనత్త అంటుండేది,
ఎవరి గురించో ఇప్పటికీ తెలీదు నాకు.

లేజర్ గోడ మీద ఎర్రటి గీత గీస్తుంది,
పాపిట దిద్దినంత అందంగా.
పక్కన రసమట్టం పెడితే బుడగ ఒప్పుకోదు.
ఇద్దరు సాక్షులు, రెండు వాంగ్మూలాలు,
నడుమ నేను, పళ్ల మధ్య పెన్సిల్‌తో.

డ్రిల్లు సగం రంధ్రం దాకా సింహం.
ఆ తర్వాత ఆవులింత.

నూటొక్క ముక్కల స్క్రూడ్రైవర్ సెట్టులో
నూరూ భద్రంగా ఉన్నాయి.
లేనిది ఒక్కటే, నాకు కావలసింది.
దాని గుంట మాత్రం ఉంది, ఊడిన పన్ను చోటులా,
చెయ్యి ఊరికే అక్కడికే పోతుంది.

ఎదురింటి నెవిల్ దగ్గర వాళ్ల తాత నాటి ఉలి ఉంది.
అడిగితే వాన గురించి మాట్లాడతాడు.

ఆడలేక మద్దెల ఓడంటారు.
నిజమే, నాకు ఆట రాదు.
కానీ అయ్యా, ఒక్కోసారి మద్దెల కూడా ఓడే.
రెండూ ఒకే కొంపలో చేరితే
ఎవరిని ఎవరు తిట్టుకోవాలి?

ఆ ఆదివారానికి వసుమతికీ నాకూ
ఆరు రోజులుగా మాటల్లేవు.
లేజర్ బిల్లు కారణమని ఆమె.
ఆమె తమ్ముడు కారణమని నేను.
అరకు బంక పూసి క్లాంపు బిగించాను.
పట్టినట్టే పట్టింది,
నేను ఊపిరి వదలగానే అదీ వదిలేసింది.
రెండోదీ అంతే. మూడోదాని మర చేతిలోకే వచ్చింది.
బంక ఆగదు కదా.
"ఒక్కసారి ఇటు రా," అని కేకేశాను,
ఆరు రోజుల్లో నా మొదటి మాట అది.

నైటీ మీద కోటు వేసుకుని వచ్చింది.
సీసా మీద ముప్పై నిమిషాలని ఉంది.
చెక్కకు అటు ఆమె చేతులు, ఇటు నావి.
క్లాంపు చెయ్యాల్సిన పని ఇద్దరు మనుషులు చేస్తున్నారు,
జీతం లేకుండా, ఎదురెదురుగా,
ఒకరి ముక్కు దురద ఒకరికి తెలిసేటంత దగ్గరగా.

పన్నెండో నిమిషంలో అడిగింది,
"ఇంతకీ దేనికిది?"
"ఇవన్నీ పెట్టుకోవడానికి."
స్పానర్ వైపు చూసింది. లేజర్ వైపు చూసింది.
నూరు ముక్కల వైపు, ఒక గుంట వైపు.
ఎంత నవ్విందంటే చెక్క వణికింది.
"కదలకు, బంక!" అని నేను,
"నువ్వు కదలకు," అని ఆమె.
మిగతా పద్దెనిమిది నిమిషాలూ
ఆమె తమ్ముడి గురించే పోట్లాడుకున్నాం,
చేతులు తీయకుండా.

అర ఎడమకు ఒరిగింది.
పెన్సిల్ పెడితే దొర్లి ఆ చివరకు చేరుతుంది,
అక్కడే వెతుక్కుంటాను, ఒక రకంగా సుఖమే.

గురువారం పెద్ద చెత్త బండి వస్తుందంటే
బుధవారం రాత్రి అన్నీ గడ్డి అంచున పేర్చాను.
క్లాంపులు మాత్రం వసుమతి లోపలికి తెచ్చేసింది.
ఎందుకని నేను అడగలేదు.

పొద్దున బండి రాకముందే
స్పానర్ లేదు, డబ్బాతో సహా.
వీధి దీపం కింద ఎవరో ఆగి
ఆ డబ్బా మీది మాట చదివి ఉంటారు,
నమ్మి ఉంటారు.
పాపం.