నాలుగో గేటు

స్కెల్డర్బీలో గాలికి అడ్డమేమీ లేదు.
సముద్రం పన్నెండు మైళ్ల అవతల ఉన్నా
దాని ఉప్పు మాత్రం పొద్దున్నే వచ్చి
నా టీ కప్పు అంచున కూర్చుంటుంది.

యుద్ధమప్పుడు ఇక్కణ్ణుంచి బాంబర్లు లేచేవి.
ఇప్పుడు ఆదివారాలు కార్లు పరిగెడతాయి
అదే కాంక్రీటు మీద, అవే పగుళ్ల మీద.
నేల విడవకుండా ఉండడమే వాటి పని.

నేను నాలుగో గేటు మార్షల్‌ని.
నారింజరంగు కోటు, మెడలో విజిల్,
ఏ మాటనైనా సగమే వినిపించే వాకీటాకీ,
జేబులో తాళంచెవి.

కంచె కథ చెప్పాలంటే ఫ్లాస్కుతో మొదలుపెట్టాలి.
రెండేళ్ల కిందట, మూడో మలుపు దగ్గర,
ఓ నీలం కారు వెనకచక్రం ఊడి
గడ్డిమోపుల మీంచి గంతేసి
విల్ఫ్ థర్కెల్ పచ్చికలో పెట్టుకున్న ఫ్లాస్కుని
అప్పడం చేసి
ఇంకో నలభై గజాలు దొర్లి
చక్కెరదుంపల చేలో పడుకుంది.
విల్ఫ్ శాండ్‌విచ్ నములుతూనే ఉన్నాడు.
తర్వాత మూడు రోజులు మాట్లాడలేదు.

అప్పటిదాకా మాకు కంచె అంటే తాడు,
తాడుకి వేలాడే "దయచేసి" అన్న బోర్డు.

కమిటీ కూర్చుంది. కేకులమ్మింది, పాత టైర్లమ్మింది.
అధ్యక్షుడు తన మోటార్‌సైకిలే అమ్మేశానని చెప్పుకున్నాడు.
మూడు వందల నలభై స్తంభాలు.
గుంత మోకాలి లోతు దాటితే చాలు
గడ్డపారకి యుద్ధం తగిలేది:
తారుముద్ద, ఇనపతీగ,
ఒకసారి ఒక చెంచా.

అంతా అయ్యాక మ్యాపు విప్పితే
రన్‌వేని అడ్డంగా కోస్తూ ఓ చుక్కల గీత.
కాలిబాట. ఎప్పటిదో, ఎవరిదీ కాని హక్కు.
దాన్ని మూసే అధికారం మాకు లేదు,
పందెం సాగే గంటల్లో ఆపుకోవచ్చునంతే.
అందుకే ఈ గేటు. అందుకే నేను.

ఈనిడ్ పాస్క్ రెండున్నరకి వస్తుంది.
ఎనభై దాటాయి. ఒంటికన్ను కుక్క,
అవతలి ఊళ్లో వదినగారికి గుడ్ల బుట్ట.
"ఇంకెంతసేపు?"
"ఎనిమిది ల్యాపులు."
"ల్యాపులు నాకు తెలీవు. నిమిషాల్లో చెప్పు."

తీగ అవతల కార్లు గాలిని చింపుకుంటూ పోతున్నాయి.
ఆమె వాటివైపు చూడదు.
సంతలో దూడ నడుం తట్టినట్టు
స్తంభాన్ని ఊపి చూసింది.
"గట్టిగానే పాతారు.
మా నాన్న పొలానికి ఇంత కంచె లేదు.
ఉన్నా వాళ్లు ఆగేవాళ్లు కాదనుకో.
మంగళవారం కాగితం పట్టుకొచ్చారు.
గురువారానికి ముళ్లపొదలు లేవు,
శనివారానికి బావి లేదు.
చేను మేసేసిన డెబ్బై ఏళ్లకి
కంచె వేశారు మీరు."
నవ్వుతోందో లేదో ఆ గాలిలో తెలియలేదు.

నేను చక్రం సంగతి చెప్పాను. ఫ్లాస్కు సంగతి చెప్పాను.
"తెలుసు," అంది.
"ఆ ఫ్లాస్కు నేనిచ్చిందే."

ఇక ఏం మాట్లాడాలో తోచక
ఇద్దరం తీగ కింది ఖాళీని చూస్తూ నిలబడ్డాం.
జానెడు. కుందేళ్ల కోసం వదిలాం.
జెండాల భాష వాటికి రాదు.

గళ్ల జెండా ఊపారు. ఇంజన్లు ఒక్కొక్కటే ఆరాయి.
అప్పుడు వినబడింది, ఎక్కడో బాగా పైన, భరతపిట్ట.
పొద్దుట్నించీ పాడుతూనే ఉన్నట్టుంది.

గేటు తీశాను.
దాటుతూ ఓ గుడ్డు తీసి నా కోటు జేబులో
తాళంచెవి పక్కన పెట్టింది.
"జాగ్రత్త," అంది. దేని గురించో చెప్పలేదు.

కార్లు లెక్కలోకే తీసుకోని ఆ వెడల్పు దాటడానికి
ఆమెకి పదకొండు నిమిషాలు పట్టింది.
నడిమధ్య, రబ్బరు చారలు చిక్కబడ్డ చోట
ఆగింది. కుక్కా ఆగింది.
వంగి, కాంక్రీటుని వేలి కణుపుతో రెండుసార్లు తట్టింది,
లోపల ఎవరో నీళ్లు తోడుతున్నారన్నట్టు.
మళ్లీ నడిచింది.

రాత్రికి గేటు తెరిచే ఉంచాలి, అది చట్టం.
గాలికి కొట్టుకోకుండా ఓ టైరు అడ్డం పెట్టాను.
పోతుందేమోనని తాళాన్ని
ఖాళీ గొళ్లేనికే వేశాను.

ఇంటిదాకా కారు ముప్పై దాటనివ్వలేదు.
జేబులో గుడ్డుంది.